కడుపుతో ఉన్న కూలి మనిషికి పని ఎక్కడ?

(సి.బెళగల్‌లో 2023 నవంబరులో జరిగిన కూలి మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ఏడు వానలు ఎట్లున్నవో మీకు మేము చెప్పవలసిన పని లేదు. రాష్ట్ర ప్రభుత్వమే 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. మన కర్నూలు జిల్లాలో అధిక భాగం ఆ పట్టికలో ఉన్నది. ఇంకొన్ని వారాలు పోతే మన పల్లెల వీధులలో తాళాలు వేలాడుతాయి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం ప్రాంతాలన్నిటిలాగే మనమూ గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతాము. ముసలివాళ్లు, బడి పిల్లలు, కోళ్లు మాత్రమే ఊళ్లో మిగులుతారు.

గడచిన రెండు నెలలుగా మేము ఇల్లిల్లూ తిరిగి మాట్లాడినప్పుడు ఒక సంగతి మమ్మల్ని చాలా కలచివేసింది. కడుపుతో ఉన్న ఆడకూతురు ఆ మాటను దాచుకొంటున్నది. సిగ్గుతో కాదు, కూలి పోతుందన్న భయంతో. మేస్త్రీకి తెలిస్తే బండి ఎక్కనివ్వడు. అప్పటికే అతని దగ్గర అడ్వాన్సు తీసుకొని ఉంటారు, అది ఇంటి బాకీకో ఆడబిడ్డ పెళ్లికో ఖర్చయి ఉంటుంది. ఒక ఇంట్లో ఒక చెల్లెలు మాతో, ‘‘ఆరో నెల దాకా ఓణీ వదులుగా కప్పుకొంటే సరిపోతుందక్కా, ఆ తరువాత దేవుడున్నాడు’’ అన్నది. పక్కనే ఉన్న అత్త తల వంచుకొన్నది. తానూ అట్లాగే చేశానని ఆమె తరువాత మాతో చెప్పింది.

పత్తి తీయడమంటే నడుముకు ఒడి కట్టుకొని పొద్దంతా వంగి ఉండడం. అది కూడా మందు కొట్టిన చేలో. మిరప కోతలో కిలోల లెక్కన కూలి కట్టే చోట, కూర్చుని ఊపిరి తీసుకొన్న ప్రతి నిమిషానికీ కూలి తగ్గుతుంది. విత్తన పత్తిలో క్రాసింగు పనికి పోతే తెల్లవారుజాము నుంచి నిలువుకాళ్ల మీద ఉండాలి. మన దూదేకుల కుటుంబాలకు పత్తి తాతల నాటి బతుకు. ఏకే విల్లు పోయింది, బొంతల గిరాకీ తగ్గింది, చివరకు పత్తి చేలో కూలి మిగిలింది. ఆ కూలిలో కూడా కడుపుతో ఉన్నదానికి చోటు లేదంటే ఆమె ఎక్కడికి పోవాలి?

‘‘మా ఇండ్లలో ఆడవాళ్లను పనికి పంపము’’ అని కొందరు పెద్దలు సభలలో చెప్పుకొంటారు. వారి ఇండ్ల సంగతి మేమెరుగము. తెల్లవారి ఐదు గంటలకు ఆటోలో తలకు కొంగు చుట్టుకొని పోతున్నవారు ఎవరి కూతుళ్లు? ప్రవక్త సతీమణి హజ్రత్ ఖదీజా వర్తకం చేసినవారు. తల్లి కడుపులో బిడ్డను మోసే కష్టాన్ని ఖుర్ఆన్ లుఖ్మాన్ సూరాలో ప్రత్యేకంగా గుర్తు చేస్తున్నది. గర్భిణికి ఉపవాసాన్ని వాయిదా వేసుకొనే వెసులుబాటును ధర్మమే ఇచ్చింది. వచ్చే రంజాన్ మార్చిలో, సరిగ్గా మిరప కోతల నడుమ వస్తున్నది. ఆరాధనలోనే సడలింపు పొందిన తల్లికి కూలి పనిలో సడలింపు అడగడానికి మనకు సంకోచమెందుకు?

ఇక అసలు విషయానికి వద్దాము. ఊరు విడిచి పోనక్కరలేని తాత్కాలిక పని ఒకటి చట్టంలోనే ఉన్నది. 2005 నాటి మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఇంటికి 100 రోజుల పని ఇస్తుంది, కరువు మండలాలలో మరో 50 రోజులు అదనంగా ఇవ్వవచ్చు. ఈ ఏడు మన రాష్ట్రంలో రోజు కూలి 272 రూపాయలు. గర్భిణులను, బాలింతలను ప్రత్యేక వర్గంగా చూడాలని, శ్రమ తక్కువగా, ఇంటికి దగ్గరగా ఉండే పనులు వారికి గుర్తించాలని కేంద్రం మార్గదర్శకాలలోనే ఉన్నది. ఈ మాట మన గ్రామసభలో ఎవరైనా ఎప్పుడైనా చదివి వినిపించారా? మేము అడిగిన చోటల్లా లేదనే అన్నారు.

తేలిక పనులు ఏవి అని అడుగుతారు. పని చోట మంచినీళ్లు అందించే మనిషి కావాలి. చిన్న పిల్లలు ఐదుగురు అంతకు మించి వస్తే వారిని చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి కట్టాలి. నర్సరీలో మొక్కల సంచులకు మట్టి నింపే పని ఉంటుంది. చదువుకొన్న అమ్మాయి అయితే మేట్‌గా ఉండవచ్చు. ఇవన్నీ ఉన్న పనులే, కొత్తగా కనిపెట్టవలసినవి కావు.

అడ్డు ఎక్కడ వస్తున్నదో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ అడ్డు సగం మనమే. మన దగ్గర కూలి కొలతల మీద వస్తుంది. గుంపులో పదిమంది గుంత తవ్వితే ఆ కొలత పదిమందికీ పంచుతారు. కడుపుతో ఉన్న మనిషి గడ్డపార ఎత్తలేదు కనుక ఆమె గుంపులో ఉంటే మన కూలి తగ్గుతుందని తోటి ఆడవాళ్లే ‘‘ఈసారికి వద్దులేమ్మా’’ అంటున్నారు. వారిని తప్పు పట్టలేము, వారి పొయ్యి మీదా కుండ ఉడకాలి. అందుకే ఆమెను తవ్వే గుంపులో దయతో చేర్చుకోమని మేము అడగడం లేదు. నీళ్ల పని, పిల్లల పని ఆమె పేరనే రాయమని ఊరంతా కలిసి అడగాలంటున్నాము. దీనికి తోడు ఈ జనవరి నుంచి రోజుకు రెండుసార్లు ఫోనులో ఫోటో హాజరు వచ్చింది. పరీక్షకు ఆస్పత్రికి పోతే ఒక పూట ఫోటో పోతుంది, ఆ రోజు కూలి పోతుందన్న భయంతో పరీక్షలే మానుకొంటున్నారు.

రెండో అడ్డు జాబ్ కార్డు. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులో ఉంటుంది, లేదా అక్కడ కొట్టివేసి ఉంటారు, ఇక్కడ ఇంకా ఎక్కి ఉండదు. మొదటి కాన్పు సరిగ్గా ఆ సంవత్సరంలోనే వస్తుంది. మూడోది మన పేర్లు. ఆధార్‌లో ‘బేగం’ అని, బ్యాంకు పుస్తకంలో ‘బీ’ అని, జాబ్ కార్డులో ‘బీబీ’ అని ఉన్న చెల్లెళ్లు ఈ సభలో ఎంతమంది? చేతులెత్తండి. చూశారా! ఉపాధి కూలిని ఆధార్ ఆధారంగానే చెల్లించాలన్న నిబంధనకు ఈ డిసెంబరు 31 వరకే గడువు ఉన్నది. పేర్లు కలవకపోతే చేసిన పనికే డబ్బు ఆగుతుంది. ఆ తరువాత ఎనిమిదో నెల కడుపుతో బ్యాంకు చుట్టూ తిరగవలసి వస్తుంది.

ఆదోని జిన్నింగు మిల్లులకు పోయేవారు మరొకటి తెలుసుకోవాలి. ఫ్యాక్టరీలకు 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం వర్తిస్తుంది. కాన్పు తేదీకి ముందు 12 నెలలలో 80 రోజులు పని చేసి ఉంటే జీతంతో సెలవు హక్కు. ‘‘మీరు పర్మనెంటు కాదు, రోజు కూలీలు’’ అంటే నమ్మకండి. ఢిల్లీ నగర పాలక సంస్థలో మస్టర్ రోల్ మీద పని చేసిన మహిళల కేసులో సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలోనే రోజు కూలీలకూ ఆ ప్రయోజనం ఇవ్వాలన్నది. కాంట్రాక్టు గడువు ముగిసినంత మాత్రాన ప్రసూతి ప్రయోజనం ఆగదని మొన్న ఆగస్టులో మళ్లీ చెప్పింది. అయితే 80 రోజులు చేశామని చూపే చీటీ ఉండాలి. వారం వారం కూలి చీటీలను బియ్యం డబ్బాలోనైనా దాచండి.

పొలం కూలికి ఆ చట్టం రాదు. ఆమెకు మిగిలినది మాతృ వందన యోజన. మొదటి బిడ్డకు 5000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల అయితే 6000. ప్రతి తల్లికీ 6000కు తగ్గకుండా ఇవ్వాలని 2013 ఆహార భద్రత చట్టం చెప్పింది, ఆ మాట సగమే నిలిచింది. ఉపాధి కూలితో లెక్క వేస్తే 5000 అంటే సుమారు 18 రోజుల కూలి. కాన్పుకు ముందు ఒక నెల, తరువాత రెండు నెలలు ఇంట్లో ఉండవలసిన మనిషికి 18 రోజులు! అయినా వదులుకోవద్దు, అంగన్‌వాడీలో పేరు తొందరగా రాయించండి.

తప్పనిసరిగా సుగ్గికి పోవలసినవారు ఉంటారు. వారు తల్లీబిడ్డల కార్డును వెంట తీసుకుపోవాలి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి, గుంటూరు వైపైనా అంతే. బయలుదేరే ముందే మేస్త్రీతో కూలి రేటు మాట్లాడుకొన్నట్టుగా ఆ ఒక్క రోజు సెలవు కూడా మాట్లాడుకోండి. వలస కూలీల 1979 చట్టం రాష్ట్రం దాటినవారికే గనుక గుంటూరుకు పోయేవారికి ఆ రక్షణ లేదు. మేస్త్రీతో మాట ఒక్కటే మనకున్న కాగితం.

అన్నదమ్ములారా, మేస్త్రీతో ఆ మాట మాట్లాడవలసింది మీరు. అడ్వాన్సు చేతిలో పెట్టుకొని వచ్చేది మీరే. ఆ రోజే ‘‘నా భార్య ఈసారి కోతకు రాదు, వంటకు వస్తుంది’’ అని చెప్పగలిగితే ఆమె ఓణీ చాటున దాచుకోవలసిన అవసరం పోతుంది.

పని కావాలని అర్జీ ఇచ్చిన 15 రోజులలో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. అది తేదీ వేసిన రసీదు ఉన్నవారికే. నోటితో అడిగితే నోటితోనే లేదంటారు. వచ్చే జుమా నమాజు తరువాత మస్జిదు అరుగు మీద మేము కాగితాలతో కూర్చుంటాము. ఆధార్, బ్యాంకు పుస్తకం, జాబ్ కార్డు మూడూ తీసుకొని రండి. పేర్లు కలవనివారి పట్టిక ఆ రోజే రాస్తాము, తేలిక పనికి అర్జీలు ఆ రోజే రాస్తాము. రాలేని చెల్లెళ్ల ఇళ్లకు సాయంత్రం మేమే వస్తాము.