నీటి ఒడ్డున పూచీ ఎవరిది?

వేసవి సెలవులు సమీపించగానే మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల గృహస్థులకు ఒక చిక్కు ఎదురవుతుంది. పిల్లలు ఈత నేర్చుకొందుమంటారు. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు చూచి వచ్చినవారు పడవ నేర్చుకొందుమంటారు. ఆ కోరికలో దోషమేమీ లేదు. అయితే చేరేనాడు ఒక కాగితం ముందు పెడతారు: ఏమి జరిగినా శిక్షణ సంస్థకు బాధ్యత లేదని అందులో ఉంటుంది. తండ్రి చదువకుండానే చేవ్రాలు చేస్తాడు. ఆ కాగితాన్ని గూర్చి, దాని వెనుకనున్న పూచీని గూర్చి నేడు శ్రోతలకు కొంత మనవి చేయదలచినాము.

పూర్వం మన పల్లెలలో దిగుడుబావియే ఈత బడి. పిల్లవాని వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, నడుముకు మోకు బిగించి, మేనమామ గట్టున నిలిచేవాడు. అక్కడ కాగితం లేదు. కాని మోకు కొస ఎవరి చేతిలో ఉన్నదో చూచేవారందరికీ తెలుసు. నేడు రుసుము పుచ్చుకొని నేర్పేవారు వచ్చినారు; మోకు ఎవరి చేతిలో ఉన్నదో మాత్రం తెలియరాకున్నది.

మన ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 2014 జూన్ 8న బాచుపల్లిలోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు విహారయాత్రకు పోయి, హిమాచల్ ప్రదేశ్‌లో మండి సమీపాన బియాస్ నదిలోనికి దిగినారు. ఎగువనున్న లార్జీ జలవిద్యుత్ కేంద్రం నుండి నీరు వదలగా 24 మంది విద్యార్థులు, వెంటనున్న యాత్రా నిర్వాహకుడొకడు కొట్టుకొనిపోయినారు. 2016 జనవరిలో ఆ రాష్ట్ర హైకోర్టు ఒక్కొక్క విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించి, అందులో నూటికి 60 పాళ్ళు విద్యుత్ బోర్డు మీద, 30 కళాశాల మీద, 10 ప్రభుత్వం మీద మోపినది. నీరు వదిలినది కళాశాల కాదు. అయినా పిల్లలను వెంటబెట్టుకొనిపోయినందుకు దాని పాలు దానికి తప్పలేదు.

కేరళలోని కోవళంలో 2006లో ఒక హోటలు కొలనులో అతిథి ఒకడు మునిగి మరణించినాడు. అక్కడ రక్షకుడు లేకపోలేదు. అతనికే పానశాలలో వడ్డించే పని కూడా అప్పగించినారు! హోటలు నడిపే పర్యాటక సంస్థ 62 లక్షల 50 వేల రూపాయలు చెల్లించవలసినదేనని 2019లో సుప్రీంకోర్టు స్థిరపరచినది. మునిగేవాడు కేకలు వేస్తాడని మనమనుకుంటాము. వేయలేడు. ఊపిరికే వ్యవధి చాలనివానికి కేక ఎక్కడిది? అందుచేత కొలను గట్టున చూస్తూ ఉండడమే ఒక పూర్తి ఉద్యోగం. సెల్‌ఫోను చూసుకొంటూ చేసేది అంతకన్నా కాదు.

శిక్షణలోనే జరిగిన ఘోరమొకటి ఇంగ్లండులో ఉన్నది. 1993 మార్చి 22న లైమ్ అఖాతంలో తెడ్డు పడవలు నడపబోయిన నలుగురు విద్యార్థులు మరణించినారు. నేర్పేవారికే తగిన అనుభవం లేదు. ప్రమాదం రాగలదని, అంతకుముందే పని మానిన శిక్షకులు యజమానికి జాబు కూడ వ్రాసి ఉన్నారు. న్యాయస్థానం సంస్థనే నరహత్యా దోషిగా తీర్మానించి, యజమానిని కారాగారానికి పంపినది. 1995లో అట్టి కేంద్రాలకు అనుమతిపత్రం అవసరమంటూ చట్టం వచ్చినది.

ఇక ఆ కాగితం మాట. 18 ఏండ్లు నిండనివాడు ఒప్పందానికి అర్హుడు కాడని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది. పెద్దవారు చేవ్రాలు చేసినా, ఆటలో సహజమైన అపాయాన్ని ఒప్పుకొన్నట్లే గాని, నేర్పేవాని అజాగ్రత్తను ముందుగా క్షమించినట్లు కాదు. రుసుము చెల్లించినవారు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ననుసరించి, తాము నివసించే జిల్లా కమిషనులోనే రెండేండ్ల లోపల ఫిర్యాదు చేయవచ్చును. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉన్నది. చెరువుగట్టు దాకా ఆ న్యాయశాస్త్రం నడిచిరావడమే ఆలస్యం. శిక్షకుని మాట పెడచెవిని పెట్టినవానికి పరిహారం తగ్గవచ్చునని కూడ చెప్పవలె.

పరిహారం బిడ్డను తిరిగి తేదు. కనుక డబ్బు కట్టకముందు ఒకపూట పోయి, ఊరకే కూర్చుండి చూడండి. ఒక శిక్షకునికి ఎందరు పిల్లలు? నీటి మీది నుండి చూపు త్రిప్పని మనిషి ఎవరు? లైఫ్‌జాకెట్టు మీద 50 న్యూటన్లని ముద్ర ఉంటే అది ఈత వచ్చినవారికే. స్పృహ తప్పినవాని ముఖాన్ని అది పైకి త్రిప్పదు. ఈత రానివారికి 100 కావలె. తొడిగి, బిగించి, భుజాల వద్ద పట్టి పైకి లాగండి. చెవులు దాటి వచ్చిందా, అది మీ బిడ్డ కొలతది కాదు.

చెరువును మాత్రం బడి చేయకండి. మట్టి త్రవ్విన చెరువులో మోకాటిలోతు నీరు ఒక్క అడుగులో నిలువు మీరుతుంది. గట్టు మీద నున్నవానికి ఆ గుంత కనబడదు. మునిగేవాని కొరకు ఈతరాని స్నేహితుడు దూకితే ఇద్దరూ పోతారు. తాడో, వెదురుగడో, పంచె కొసయో అందించవలె.

ఇవన్నీ అడిగినందుకు శిక్షకుడు విసుగుకొంటే బిడ్డను వెంటబెట్టుకొని ఇంటికి రండి. కట్టిన బయానా పోతే పోనివ్వండి.