మురుగు కాలవ కట్ట మీద మాటెవరిది?

(రామచంద్రపురంలో వ్యవసాయ కూలీల ముందు చేసిన ప్రసంగం)



దాళ్వా వచ్చిందంటే గోదారిలో నీళ్లు తగ్గుతాయి. సీలేరు నుంచి వదిలితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. శివారు చేలకి అందవు. వంతులు పెడతారు. అదీ చాలకపోతే మురుగు కాలవలకి అడ్డంగా కట్టలేసి, ఇంజన్లు పెట్టి, ఒకసారి పొలం నుంచి దిగిపోయిన నీళ్లనే మళ్లీ పొలానికి ఎక్కిస్తారు. తుల్యభాగ పారే ఈ తూర్పు డెల్టాలో మనకిది కొత్త కాదు. మంచి పనే. పంట ఎండితే ముందు పస్తుండేది మనమే గనక మేము దీన్ని వద్దనటం లేదు.

మరి మేమడిగేదేమిటి? కట్ట ఎక్కడ వెయ్యాలి, ఎంత ఎత్తు వెయ్యాలి, ఎప్పుడు తియ్యాలి, ఇదంతా ఎవరు కూర్చుని తేల్చారు? మన పేటలు ఎక్కడున్నాయో చూడండి. ఊరికి పల్లంలో, మురుగు కాలవ గట్టు పక్కన. మన శ్మశానాలూ అక్కడే. కట్ట వేస్తే నీళ్లు నిలబడేది మన గుమ్మాల ముందు. ఆ నీళ్లలో ఏముంది? చేలల్లో కొట్టిన పురుగుమందు, రొయ్యల చెరువుల నీళ్లు, ఊళ్లోవాళ్ల మరుగుదొడ్ల మురుగు. దాంట్లో దిగి గుర్రపుడెక్క లాగేది మనవాళ్లు. ఆ నీళ్లు పెట్టిన చేలో వంగి నాట్లేసేది మన ఆడవాళ్లు. కాళ్లు పాసిపోయేది వాళ్లకే. తొలకరికి ముందు కట్ట తియ్యకపోతే మునిగేది మన పేటే.

1997లో సాగునీటి సంఘాల చట్టం తెచ్చారు. నీళ్ల పెత్తనం జనానికిచ్చామన్నారు. ఏ జనానికి? యజమానిగానో కౌలుదారుగానో రికార్డులో పేరున్నవాడికే ఓటు. కూలికి లేదు. నోటిమాట కౌలుకీ లేదు. కాయితం రాసిచ్చే ఆసాములు ఎంతమందో మీకే తెలుసు!

ఇది ఈనాటిది కాదు. 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్లు బాబాసాహెబ్ ముట్టింది ఈ హక్కు కోసమే. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగపల్లె మంచినీళ్ల చెరువును మురికి చేస్తుంటే అడ్డు చెప్పిన దగ్గర. జులై 17న ఆరుగురిని చంపారు.

సాగునీటి సంఘంలో చోటు లేకపోయినా గ్రామసభలో మనకి చోటుంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊరి ఓటర్లంతా అందులో సభ్యులే. గ్రామసభంటే సంతకాల పుస్తకం పేటకి తిప్పటం కాదు. ఈ దాళ్వాకి కట్ట పడకముందే సభ పెట్టమని రాసివ్వండి. ఇరిగేషన్ ఇంజనీరు వచ్చి చెప్పాలి. కట్ట తీసే తారీకు పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయాలి. మురుగులో దిగేవాళ్లకి బూట్లు, చేతి తొడుగులు ఎవరిస్తారో అక్కడే తేలాలి. ఇంకొక్కటి, సభ సాయంత్రం పెట్టమనండి. పొద్దున పెడితే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు?