త్రాడా, పామా?
(సందిగ్ధ విషయములను మెదడు గ్రహించు విధమును గూర్చిన ఉపన్యాసము)



వైనతేయ గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చిన దినములలో పి.గన్నవరము అక్విడెక్టుమీద నిలిచి ప్రవాహమును చూచువారికి ఒక వింత అనుభవము కలుగుట కద్దు. కొంతసేపు ఆ నీటినే తదేకముగా చూచినచో, ఏఱు నిలిచిపోయి, వారధియే తమ్ము మోసికొని ఎగువకు సాగుచున్నట్లు తోచును. పిల్లలు కేరింతలు కొట్టుదురు. పెద్దలు పిట్టగోడ పట్టుకొందురు. కాటన్ దొర కాలమున 49 కమానులతో కట్టిన పాత వారధిగాని, 2000 సంవత్సరమున వచ్చిన క్రొత్తదిగాని అంగుళమైనను కదలలేదు. మఱి కదలినదేది?

కంటికి అందిన వార్త ఒక్కటే: నీటికిని వారధికిని నడుమ చోటు మారుచున్నది. ఏది స్థిరము, ఏది చలము అను తీర్పు మెదడు చెప్పవలసినదే. లోకమున సాధారణముగా విశాలమైనది నిలుచును, చిన్నది కదలును. ఆ అలవాటు చొప్పున మెదడు కనుచూపు మేర పఱచుకొన్న నదిని స్థిరమని నిర్ణయించి, చలనమును వారధికి అంటగట్టును. పిమ్మట గట్టుమీది కొబ్బరిచెట్లవైపు చూపు త్రిప్పినచో, అవి క్షణకాలము ఎగువకు జరుగుచున్నట్లుండును. ఒక దిక్కు చలనమును కనిపెట్టు నాడీకణములు అలసిపోగా, ఎదుటి దిక్కు కణములది పైచేయి యగుటయే దీనికి హేతువు. 1834లో రాబర్టు ఆడమ్స్ అనునతడు స్కాట్లండులోని ఫాయర్స్ జలపాతముకడ ఇట్టిదే చూచి వ్రాసియుంచెను. గోదావరి తీరమువారు వ్రాయలేదు గాని చూడకపోలేదు.

చూపు అనునది ఎఱుక లేకుండ జరుగు అనుమాన ప్రమాణమే యని జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1867 నాటికే చెప్పెను. అంతకు పూర్వము 1832లో స్విట్జర్లండు పండితుడు నెక్కర్, గీతలతో వ్రాసిన స్ఫటికము బొమ్మ చూచుచుండగనే ముందు వెనుకలు తాఱుమాఱగుట గమనించెను. రెండు రూపములును ఒక్కసారి కనబడవు. ఒకటి పోయిన గాని రెండవది రాదు. ఇటీవలి కాలమున, 1990 తరువాతి దశకములో, లోగోథెటిస్ బృందము కోతుల రెండు కన్నులకును వేఱువేఱు బొమ్మలు చూపి నాడీకణములను పరీక్షించెను. కంటి వార్త మొదట చేరు తావున నూటికి 20 కణములు మాత్రమే కోతికి అప్పుడు కనబడుచున్న బొమ్మను అనుసరించినవి. వస్తువును గుర్తించు పై తావున ఇంచుమించు 90 అనుసరించినవి. అనగా రెండు వార్తలును గడప దాటుచున్నవి. లోపలి గదికి చేరుసరికి ఒక్కటే మిగులుచున్నది.

మాటల విషయమును ఇట్టిదే. "మడి తడిసినది" అని అత్తగారు పలికినచో కోడలు దండెమువైపు పరుగెత్తును. పాలేరు పలికినచో రైతు చేనివైపు చూచును. ఎవరికిని రెండవ అర్థము తట్టినట్లే యుండదు. కాని తట్టును. నానార్థ పదము చెవిని పడగనే అన్ని అర్థములును ఒక్క క్షణము మేల్కొని, సందర్భమునకు పొసగనివి సెకను తిరుగకముందే అణగిపోవునని 1979లో స్విన్నీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రయోగముచే నిరూపించెను. పదునాఱవ శతాబ్దిలో రాఘవపాండవీయమును రచించిన పింగళి సూరన ఆ అణగిపోవుదానిని పోనీయక పట్టి నిలిపిన ఘనుడు. ఒకే పద్యమున రామకథయు భారతకథయు నడచుచుండగా, చదువరి ఒక కథను ప్రక్కనబెట్టి రెండవదానికై మరల మొదటినుండి రావలసినదే. గ్రంథాలయమున ఆ పొత్తమును తెఱచి కొలది పంక్తులు చదివినవారికి నెక్కర్ బొమ్మతో పనిలేదు.

ఇక వేదాంతులు చెప్పు రజ్జుసర్ప భ్రాంతి. మునిమాపువేళ కంటికి రంగులు తెలియవు, సన్నని వివరములు అందవు. త్రోవలో పడియున్న కొబ్బరిపీచు త్రాడు పామగును. త్రాటిని చూచి నూఱుమార్లు ఎగిరి దుమికినను పోవునది ఏమియు లేదు. పామును త్రాడని ఒక్కమారు త్రొక్కినచో ప్రాణమే పోవచ్చును. కావున మెదడు పామువైపు మొగ్గుట పిఱికితనము కాదు, లెక్కయే.

అయితే ఈ మొగ్గు ఎల్లవేళల క్షేమమువైపే యుండదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరముకడ ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులు దాటినది. గోదావరి గట్లు తెగి కోనసీమ మునిగినది. అట్టి రాత్రి గట్టు కాయువాడు లాంతరు వెలుగున గట్టు లోపలి పాదమున తడి చూచును. అది వానచెమ్మయా, ఊటయా? మూడు రాత్రులు నిద్రలేనివాడు వానచెమ్మ కావలెనని కోరును, కోరినదే కనబడును. ఇచ్చట త్రాడని తలచినది పాము. కావున తెలిసినవారు కంటి తీర్పును నమ్మి ముందుకు సాగరు. అడుగు వెనుకకు వేసి, రెండవవానిని పిలిచి, తడిని తుడిచి, మరల ఊరునేమో చూతురు. ఊరినచో ఆ నీటిని గాజుగ్లాసులో పట్టి కదలకుండ నిలుపుదురు. నీరు తేటగా నిలిచినచో కావలి యుంచి కనిపెట్టుచుందురు. అడుగున ఒండ్రు చేరినచో గట్టు లోపలినుండి మన్ను కొట్టుకొనిపోవుచున్నదన్నమాట. వెంటనే ఊరిని లేపి, ఊట చుట్టును ఇసుకబస్తాలు పేర్తురు.