వెనక చక్రాల కారు, మంచుదారి

ప్రత్తిపాడు నల్లరేగడి డొంకల్లో వానాకాలం ట్రాక్టర్ తోలినవారికి జారుడంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తడిసిన రేగడి ఉబ్బి సబ్బులా మారుతుంది. అమెరికాలో మిషిగన్, ఇల్లినాయ్ వంటి చలిరాష్ట్రాల్లో ఉంటున్న మన పిల్లలకు మంచురోడ్డు మీద అదే పరీక్ష.

వాళ్లు నడిపేది మస్టాంగ్ లాంటి స్పోర్ట్స్ కారైతే, దానికి ఇంజన్ ముందుంటుంది, తోసేది వెనక చక్రాలు. వాటికి బలమంతా ఒక్కసారి అందితే పట్టు తప్పుతుంది, కారు వెనకభాగం పక్కకు జారుతుంది.

అందుకే మొదట టైర్ల సంగతి చూసుకోవాలి. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే వేసవి టైర్ల రబ్బరు బిరుసెక్కుతుంది. చలికాలపు టైర్లు మెత్తగానే ఉంటాయి. నాలుగు చక్రాలకూ అవే వేయించాలి. యాక్సిలరేటర్ మెల్లగా తొక్కాలి. చేత్తో గేర్లు మార్చే కారైతే రెండో గేరులో కదిలించడం మేలు. ముందు వెళ్లే బండికి బాగా ఎడం ఉంచాలి.

వెనకభాగం జారితే కంగారుగా బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు నెమ్మదిగా తీసి, వెళ్లాల్సిన వైపే చూస్తూ, స్టీరింగ్ అటే తిప్పాలి.

ఈ రాత్రి పిల్లలతో ఫోనులో మాట్లాడేటప్పుడు, "టైర్లు మార్పించావా నాన్నా?" అని ఒక్క మాట అడగండి.