కార్డు మన చేతిలో ఉంటే చాలదు



ముందు మా అమ్మమ్మ సంగతి చెప్తాను. జ్వరంతో స్పృహ తప్పితే డోలీ కట్టి, కొండ దిగి, నాలుగు గంటలు మోసుకుంటూ రోడ్డుకి తెచ్చాం. అక్కడి నుంచి ఆటో. తీరా ఆసుపత్రికి చేరాక కౌంటర్ దగ్గర ఏమన్నారో తెలుసా? "ఆధార్‌లో పేరు ఒకటి, కార్డులో పేరు ఒకటి. అప్రూవల్ రాదు" అన్నారు. మనిషి కళ్లెదుటే ఉంది, జబ్బూ కళ్లెదుటే ఉంది. ఒక్క అక్షరం దగ్గర వైద్యం ఆగింది. ఆ రాత్రంతా వరండాలోనే ఉన్నాం.

అప్రూవల్ ఇచ్చేది ఎవరు? వాళ్లని అడిగేది ఎవరు?

ఇప్పుడు ఆ ప్రశ్న మనందరిదీ అయింది. 2007లో ఆరోగ్యశ్రీ ఇన్సూరెన్స్ కంపెనీతోనే మొదలైంది. తర్వాత ప్రభుత్వ ట్రస్టు చేతికొచ్చింది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం మళ్లీ కంపెనీలని తేవడానికి ఆమోదం తెలిపింది. కుటుంబానికి ఏడాదికి 2.5 లక్షల దాకా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు. దీన్ని హైబ్రిడ్ విధానం అంటున్నారు.

దీనికి దగ్గరి మార్పే అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో జరిగింది. అక్కడ పేదల వైద్య పథకం పేరు మెడికెయిడ్. చేసిన వైద్యాన్ని బట్టి ప్రభుత్వమే ఆసుపత్రులకి డబ్బు కట్టేది. 2021 జూలై 1న ఎక్కువమందిని మేనేజ్డ్ కేర్‌లోకి మార్చారు. అంటే మనిషికి నెలకి ఇంత అని ప్రభుత్వం కంపెనీకి ఇస్తుంది. వైద్యం చూపించే పని కంపెనీది. ఖర్చు తగ్గితే కంపెనీకి మిగులుతుంది. భయమంతా అక్కడే.

ఆ రాష్ట్రం పడమటి కొండల్లో ఈస్టర్న్ బ్యాండ్ చెరోకీలు ఉన్నారు. 1838లో సైన్యం చెరోకీలని తరిమేసినప్పుడు ఆ కొండలు వదలకుండా నిలిచినవాళ్ల వారసులు. 2002 నుంచి తమ ఆసుపత్రిని తామే నడుపుకుంటున్నారు. మార్పు వస్తోందని తెలిసి ఊరుకోలేదు. రాష్ట్ర ప్రభుత్వంతో కూర్చుని మాట్లాడారు. అదే జూలై 1న ట్రైబల్ ఆప్షన్ మొదలైంది. తమవాళ్ల వైద్యం బాగోగులు చూసే పని కంపెనీకి కాకుండా తమ ఆసుపత్రి సంస్థకే దక్కింది. కంపెనీ ప్లాన్‌లో చేరమని చెరోకీలని బలవంతపెట్టలేదు. దేశంలో ఇలాంటిది అదే మొదటిది.

"వాళ్లకి సొంత ప్రభుత్వం ఉంది, సొంత ఆసుపత్రి ఉంది, మనకేముంది?" అంటారా? నిజమే, మనకవి లేవు. కానీ ఐదో షెడ్యూలు ఉంది. 1996 పెసా చట్టం ఉంది. సామాజిక రంగాల్లోని సంస్థల మీద, సిబ్బంది మీద అజమాయిషీ గ్రామసభకి, పంచాయతీకి ఇవ్వాలని అందులో రాసి ఉంది. ఆసుపత్రి సామాజిక రంగం కాదా?

అందుకే మనం అడగాల్సినవి మూడు. కంపెనీతో రాసుకునే ఒప్పందం తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. అప్రూవల్ కాదంటే కారణం కాగితం మీద రాసివ్వాలి, ఫిర్యాదు ఐటీడీఏలోనే వినాలి. మూడోది, డోలీ. ఇన్సూరెన్స్ ఆసుపత్రికి చేరినోళ్లకే పనికొస్తుంది. దారిలో ప్రాణం పోయినోళ్లకి ఏ కంపెనీ ఏం కడుతుంది? రోడ్డు, అంబులెన్సు, పీహెచ్‌సీలో డాక్టరు ముందు కావాలి.

ఈలోపు మీ ఊళ్లో ఒక పని చెయ్యండి. ఇంటింటికీ వెళ్లి ఆధార్‌లో, కార్డులో పేర్లు కలిశాయో లేదో చూడండి. కలవనివన్నీ రాసుకుని గ్రామసభలో తీర్మానం పెట్టండి. మా అమ్మమ్మ పడుకున్న వరండాలో ఇంకో అమ్మమ్మ పడుకోకూడదు.

జై ఆదివాసీ!