సురభి కమలాబాయి



స్త్రీపాత్రను పురుషుడే ధరింపవలెనని మన తెలుగు నాటకరంగము చిరకాలము నియమము పెట్టుకొని యుండెను. సత్యభామ పాత్రమున స్థానం నరసింహారావుగారు గడించిన ఖ్యాతి లోకవిదితము. ఆ విద్య గొప్పదే. కాని ఆ నియమము చాటున నొక కాఠిన్యము గలదు. రంగమున సీతను చూచి చేతులు జోడించు ప్రేక్షకులే, ఇంటి యాడుబిడ్డ ముఖమునకు రంగు పూసికొన్నచో వేలెత్తి చూపెడివారు. ఈ వైపరీత్యమునకు వాదముతో గాక జీవితముతో సమాధానము చెప్పినవారు సురభివారు.

1885లో కడప మండలమందలి సురభి గ్రామమున ‘కీచకవధ’ నాటకముతో ఆ సమాజము పుట్టెను. వనారస గోవిందరావుగారు దానిని పెంచిరి. అచట తల్లి, కూతురు, కోడలు అందఱును నటులే. సంసారమే సమాజము; డేరాయే గృహము.

అట్టి కుటుంబమున 1907లో కమలాబాయి జన్మించెను. తల్లి నాటకమాడుచుండగనే నొప్పులు వచ్చి, రంగముమీదనే ఆమెను ప్రసవించెనని ప్రసిద్ధి. రంగమే ఆమెకు పాఠశాల. పద్యమును ఎచ్చట విఱువవలెనో, ఎచ్చట ఊపిరి నిలుపవలెనో, ఏ మాటపై కంఠము హెచ్చింపవలెనో ఆమె అచ్చటనే నేర్చెను.

ఆ చదువు వృథా పోలేదు. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి ‘భక్తప్రహ్లాద’, తొలి తెలుగు టాకీ, వెలువడినపుడు అందు లీలావతి ఆమెయే. నేపథ్యగానము లేని దినములవి, నటించువారే పాడవలెను. రంగమున కాకలు తీఱిన కంఠమునకు యంత్రమన్న భయమేమి? ఆ యేడే ‘పాదుకాపట్టాభిషేకము’లో సీత, ‘శకుంతల’లో శకుంతల యయ్యెను. 1951లో ‘పాతాళభైరవి’ని చూచినవారు తోటరాముని తల్లిని మఱవజాలరు, ఆ తల్లియు ఈమెయే.

యానాములో ఉపాధ్యాయుడనై యున్న కాలమున, పాఠశాల నాటకములో సీత వేషమునకు మగపిల్లవానిని వెదకవలసివచ్చిన సందర్భములు నే నెఱుగుదును. చక్కగా పద్యము చదువు బాలికలు ఎదుటనే యుండిరి. తండ్రులు మాత్రము ఒప్పుకొనరైరి. వారిని నిందింపను, వారు వెఱచినది నాటకమునకు గాదు, లోకుల నోటికి.

కావున శ్రోతలారా, మీ యింటి బాలిక వేషము కట్టెదనని యడిగినపుడు, వెంటనే కాదనక, ముందామెచే నొక పద్యము చదివించి వినుడు. పిమ్మట కమలాబాయిని తలచుకొని బదులు చెప్పుడు.