చెరసాల గీతములు : లుయీజీ దల్లపిక్కోలా

రేడియో కొందరి జీవితములలో వార్త తెచ్చిన సాధనముగా మాత్రమే నిలిచిపోవును. ఇటలీ సంగీతకర్త లుయీజీ దల్లపిక్కోలా జీవితమున అది అంతకంటె పెద్ద పాత్ర వహించినది. ఆయన జీవితమును, కృతులను గూర్చి శ్రోతలకు నేడు కొంత మనవి చేయుదుము.

ఆయన 1904 ఫిబ్రవరి 3వ తేదీన ఇస్త్రియా ప్రాంతమందలి పిసీనో పట్టణమున జన్మించెను. ఆ యూరు అప్పుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోనిది. నేడు పాజిన్ అను పేర క్రొయేషియాలో నున్నది. తండ్రి ఇటాలియను పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వ మా పాఠశాలను మూయించి, 1917లో ఆ కుటుంబమును గ్రాజ్ నగరమునకు తరలించెను. అనుమానితులుగా పరాయియూర బ్రదుకుట యెట్టిదో ఆ బాలునకు పదుమూడవయేటనే తెలిసినది. అక్కడి నాటకశాలలో వాగ్నరు సంగీతనాటకమును విని, తానును సంగీతకర్త కావలెనని నిశ్చయించుకొనెను. 1922లో ఫ్లారెన్సు చేరి, 1934 మొదలు 1967 వరకు అచటి సంగీతకళాశాలలో పియానో బోధించెను.

షోన్‌బెర్గు రూపొందించిన ద్వాదశస్వరపద్ధతిని ఇటలీలో మొదట చేపట్టిన వారిలో ఆయన ముఖ్యుడు. మన సంగీతమునందును స్థాయికి 12 స్వరస్థానములు కలవు. కాని మనకు షడ్జము ఆధారము. శ్రుతిని విడిచి రాగము లేదు. ఈ పద్ధతిలో అట్టి ఆధారస్వరము లేదు. పండ్రెండు స్వరములను రచయిత తానే ఒక వరుసగా కూర్చుకొని, ఆ వరుసనే వెనుకనుండి ముందునకును, తలక్రిందులుగను త్రిప్పుచు రచన సాగించును. వినువారికిది మొదట కటువుగా తోచుట సహజము. అట్టి కఠిననియమములోను కంఠమునకు తగిన గానగుణమును నిలుపుట దల్లపిక్కోలా ప్రత్యేకత.

యౌవనమున ఆయన ముస్సోలినీ పాలనయెడ అభిమానము కలవాడే. ఈ మాట దాచుట ఉచితము కాదు. 1938 నాటికి ఆ భ్రమ పూర్తిగా తీరినది. ఆ సెప్టెంబరున ప్రభుత్వము యూదులకు వ్యతిరేకముగా చేసిన నిర్ణయములను ఆయన రేడియోలో వినెను. భార్య లౌరా యూదు వంశీయురాలు. నోరు విప్పి యెదిరించినను ఫలము లేదని యెరిగి, తన యాగ్రహమును సంగీతముననే వెల్లడింపదలచెను. అట్లు పుట్టినదే ‘కాంతీ ది ప్రిజొనీయా’, అనగా చెరసాల గీతములు. చెరలో మగ్గి మరణశిక్షకు గురియైన ముగ్గురి మాటలిందు బృందగానముగా వినవచ్చును: స్కాట్లండు రాణి మేరీ, తత్త్వవేత్త బొయీథియసు, సన్న్యాసి సవొనరోలా. గాయకులకు తోడు రెండు పియానోలు, రెండు హార్పులు, గంటలు, తాళవాద్యములు మాత్రమే. మొదటి గీతమును 1940లో బ్రస్సెల్సు రేడియో ప్రసారము చేసెను. మూడును కలిపి 1941 డిసెంబరులో రోమునగరమున వినిపించిరి. 1943లో జర్మను సైన్యము ఫ్లారెన్సు నాక్రమింపగా ఆ దంపతులు కొంతకాలము అజ్ఞాతముగా గడపిరి.

1944లో ఆరంభించి 1948లో ముగించిన ‘ఇల్ ప్రిజొనియేరో’ ఆయన సంగీతనాటకములలో మిక్కిలి ప్రసిద్ధము. స్పెయినులో ఒక ఖైదీ; కారాగారాధికారి అతనిని సోదరా యని పిలుచును. ఆ యొక్క పిలుపుతో ఖైదీ మనస్సున ఆశ చిగుర్చును. తలుపు తెరచియుండును. అతడు తోటలోనికి వచ్చి, నక్షత్రములను చూచి, ఒక దేవదారు వృక్షమును కౌగిలింపబోవును. చెట్టు చాటునుండి రెండు చేతులు అతనినే కౌగిలించుకొనును. సోదరా యని పిలిచిన కంఠమే మరల వినబడును, అతడే విచారణాధికారి. ఎదుట చితి వెలుగుచుండును. కొరడాకంటె, సంకెలకంటె, దొంగయాశయే క్రూరమైన హింస యని ఈ కథ తెలుపును. నియంతల తియ్యని మాటలను ఒకనాడు నమ్మియుండిన వానికి ఈ సత్యము పుస్తకమునుండి నేర్చినది కాదు.

ఈ కృతిని తొలుత వినినది నాటకశాల ప్రేక్షకులు కారు, ఇండ్లలోని శ్రోతలు. 1949 డిసెంబరు 1వ తేదీన ట్యూరిను రేడియో కేంద్రము దీనిని ప్రసారము చేసినది. ఫ్లారెన్సు రంగస్థలమున 1950లో ప్రదర్శితమైనది. ద్వేషశాసనపు వార్తను మోసికొనివచ్చిన సాధనమే పదునొకం డేండ్లకు దానికి బదులును ఇంటింటికి చేర్చినది.

1968లో ‘ఉలీస్సె’ అను సంగీతనాటకము బెర్లినులో ప్రదర్శింపబడినది. 1975 ఫిబ్రవరి 19న ఫ్లారెన్సులో ఆయన కన్నుమూసెను. ఆయన గీతములను విను నవకాశము లభించినపుడు, రాగమును వెదకక, మొదట ఆ గంటల ధ్వనిని, దాని వెనుక మెల్లగా లేచు కంఠములను ఆలకింపుడని శ్రోతలకు మా మనవి.